ఇన్నోవేషన్ పాలసీలో ఐటీఐ, పాలిటెక్నిక్ వాళ్ళకి చోటు ఎక్కడుంది?

ఆటోనగర్_ఫ్యాబ్ రాసింది:

అందరికీ నమస్కారం అండి. విజయవాడ ఆటోనగర్‌లో నాకో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది, నాతో కలిపి తొమ్మిది మందిమి. మొదట్లో లారీ బాడీ పనులే చేసేవాళ్ళం, ఐదారేళ్ళ నుంచి మిర్చి మిషన్లు ఎక్కువ చేస్తున్నాం, గుంటూరు, నరసరావుపేట వైపు వెళ్తాయి. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

పోయిన సీజన్లో తొడిమలు తీసే మిషన్ ఒకటి చేశాం. మోడల్ కొత్తదేం కాదు, చిల్లుల డ్రమ్ము తిరుగుతుంటది, తొడిమ చిల్లులోంచి బయటికి రాగానే బ్లేడు కోస్తది. వేరే రకాలకి బాగానే ఉంది గానీ తేజ కాయ పోస్తే చిట్లిపోయి గింజ రాలేది, గింజ రాలితే తూకం పోయినట్టే కదా, కొన్నాయన నాలుగు రోజులు చూసి వెనక్కి పంపించేశాడు. ఇంజనీరింగ్ చదివిన ఫ్రెండుని అడిగితే మోటార్ మార్చమన్నాడు, మార్చాం, ఏం తేడా లేదు. మా దగ్గర ఒక టర్నర్ కుర్రోడు ఉన్నాడు, ఐటీఐ అయ్యాక మా దగ్గరే చేరి నాలుగేళ్ళు. వాడు రెండు రోజులు మిషన్ పక్కనే కూర్చుని పడ్డ కాయలన్నీ ఏరి, ఎక్కడెక్కడ చిట్లాయో చూసి, చిల్లు అంచు పదునుగా ఉంది, తొక్క అక్కడే చిరుగుతోంది అని పట్టేశాడు. అంచులన్నీ చాంఫర్ కొట్టి, అంటే పదును పోయేలా ఏటవాలుగా అరగదీసి, పుల్లీ సైజు మార్చి స్పీడు తగ్గించాడు. దాంతో సగం తగ్గింది. మిగతా సగానికి వాడు చెప్పిన మాట ఏంటంటే, "అన్నా, మా అమ్మ కోల్డ్ స్టోరేజీ దగ్గర తొడిమలు తీసే పనికి పోయిద్ది, వాళ్ళు ముందు కాయ మీద కాస్త తడి చల్లి, మెత్తబడ్డాకే చెయ్యి పెడతారు, పెళుసుగా ఉన్న కాయని పోస్తే ఏ మిషన్ అయినా పగలగొట్టిద్ది" అని. సరే అని కాయ పోసే దగ్గర చిన్న స్ప్రే పెట్టాం. మిషన్ వెనక్కి పంపినాయనే ఇప్పుడు రెండోది కూడా ఆర్డర్ ఇచ్చాడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈమధ్య కొత్త ఆవిష్కరణలకి సాయం చేస్తామంటే ఒక మీటింగుకి వెళ్ళా. ఏ సంస్థ అన్నది వద్దులెండి. ఫారం ఇచ్చారు, అందులో ఏ డిగ్రీ, ఏ కాలేజీ ఇంక్యుబేటర్ (కొత్త కంపెనీలకి చోటిచ్చి సాయం చేసే సెంటర్), పేటెంట్ నంబర్ ఎంత అని ఉంది. ఐటీఐ అని రాసుకోవడానికి గడే లేదు. మా కుర్రోడు చేసింది చెప్తే అక్కడున్నాయన "ఇది ఇన్నోవేషన్ కాదండి, రిపేర్" అన్నారు. వాడు నా పక్కనే ఉన్నాడు. ఆ రోజంతా ఇద్దరం సరిగ్గా మాట్లాడుకోలేదు.

నా ప్రశ్న ఏంటంటే, ఇన్నోవేషన్ పాలసీ అంటే ల్యాబులు, స్టార్టప్పులు, పేటెంట్లేనా? చేతి పని నేర్పే చదువులకి అందులో పని లేదా? వేరే దేశాల్లో ఎలా ఉంది, నాలాంటి చిన్న షెడ్డువాడు చేయగలిగేది ఏమన్నా ఉందా, తెలిసినవాళ్ళు చెప్పండి.

గుంటూరు_మెకానికల్_లెక్చరర్ రాసింది:

ముందు ఒక్క మాట అండి, మీ అబ్బాయి చేసింది రిపేర్ కాదు. పాడైనదాన్ని మునుపటిలా చేస్తే రిపేర్, అంతకుముందు లేని పద్ధతి తెచ్చి పెడితే దాని పేరు వేరే. నేను పాలిటెక్నిక్‌లో పదిహేనేళ్ళుగా మెకానికల్ చెప్తున్నా, ఈ విషయం మీద కాస్త చదివా కూడా, అందుకే ఇంత గట్టిగా అంటున్నా.

2007లో డెన్మార్క్ కంపెనీల మీద లుండ్వాల్ అనే ఆర్థికవేత్త, ఆయనతో ఇంకొందరు కలిసి ఒక పరిశోధన ప్రచురించారు. కంపెనీలు కొత్త వస్తువులు తెచ్చే దారులు రెండని వాళ్ళ లెక్క. ఒకటి సైన్సు దారి, అంటే ల్యాబు, పరిశోధన, రాతలో ఉండే జ్ఞానం. రెండోది చేస్తూ, వాడుతూ, వాడేవాళ్ళతో మాట్లాడుతూ నేర్చుకునే దారి. ఏదో ఒక దారి పట్టుకున్న కంపెనీల కంటే రెండూ కలిపినవే కొత్త ప్రొడక్టులు తేవడంలో ముందున్నాయని తేలింది. మీ షెడ్డులో జరిగింది అచ్చంగా రెండోదే కదా, కాయలు ఏరి చూడటం చేస్తూ నేర్చుకోవడం, కొన్నాయన తిరిగి పంపడం వాడేవాళ్ళ మాట, వాళ్ళమ్మ గారి తడి సంగతి ఏళ్ళ తరబడి చేతుల్లో ఉన్న జ్ఞానం. కాకపోతే ఆ అబ్బాయికి ఐటీఐలో కొలతలు, డ్రాయింగు, చాంఫర్ నేర్పి ఉండకపోతే అమ్మ చెప్పిన మాట మాటగానే ఉండిపోయేది, మిషన్‌లోకి వచ్చేది కాదు. ఒకేషనల్ చదువు పని అదీ.

మరి పాలసీలోకి ఎందుకు రాదంటే, నాకు కనపడే పెద్ద కారణం లెక్కపెట్టడం. పరిశోధన ఖర్చు లెక్కపెట్టొచ్చు, మన దేశం జీడీపీలో 0.64 శాతం పెడుతోందని ఎవరినడిగినా చెప్తారు. పేటెంట్లు లెక్కపెట్టొచ్చు. ప్రపంచ ఇన్నోవేషన్ సూచీలో మనం 2015లో 81వ స్థానంలో ఉండి 2025కి 38కి వచ్చాం, మంచిదే, సంతోషమే. పుల్లీ మార్చి గింజ రాలకుండా చేసిన పని మాత్రం ఏ పట్టికలోకీ ఎక్కదు. అదే సూచీలో 2011 నుంచి వరసగా మొదటి స్థానం స్విట్జర్లాండ్‌ది, అక్కడ స్కూలు అయ్యాక దాదాపు మూడింట రెండొంతుల మంది పిల్లలు వృత్తి శిక్షణ వైపే వెళ్తారు. అదొక్కటే కారణం అనను, అక్కడ పెద్ద యూనివర్సిటీలూ ఉన్నాయి, కానీ ఆ పిల్లలు లేకుండా ఆ యూనివర్సిటీల ఆలోచనలు వస్తువులు అయ్యేవి కావని నా నమ్మకం.

జర్మనీ సంగతి ఇంకా వివరంగా చెప్పాలి. అక్కడ కుర్రాడు వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో పని నేర్చుకుంటాడు, ఒకటి రెండు రోజులు స్కూలుకి వెళ్తాడు. మెకానికల్, ఎలక్ట్రికల్, కంప్యూటరు కలిసిపోయిన మిషన్లు వచ్చేసరికి పాత ట్రేడులు చాలక 1998లో మెకట్రానిక్స్ అని కొత్త వృత్తినే పెట్టారు, మూడున్నరేళ్ళ శిక్షణ. సిలబస్ రాసేటప్పుడు యజమానులు, కార్మిక సంఘాలు, ప్రభుత్వం ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. దీనివల్ల ఏమైందంటే, సొంత ల్యాబు పెట్టుకోలేని పదిమంది షెడ్డుకి కూడా కొత్త టెక్నాలజీ ఆ కుర్రాడి వెంట నడిచి వచ్చేస్తుంది, షెడ్డు యజమాని కాన్ఫరెన్సులకి తిరగక్కర్లేదు.

మనకి ఐటీఐల శిక్షణ పథకం 1950 నుంచీ ఉంది, అప్రెంటిస్ చట్టం 1961ది, అంటే పునాది కొత్తది కాదు. అయినా 2020 జాతీయ విద్యా విధానంలో పన్నెండో పంచవర్ష ప్రణాళిక (2012-17) అంచనా ఒకటి ఇచ్చారు, 19 నుంచి 24 ఏళ్ళ వాళ్ళలో పద్ధతి ప్రకారం వృత్తి విద్య పొందినవాళ్ళు మన దగ్గర 5 శాతం లోపు, అమెరికాలో 52, జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96. ఇంకోటి, స్టార్టప్పులు చూసే శాఖ వేరు, సైన్సు శాఖ వేరు, ఐటీఐలు చూసే నైపుణ్య శాఖ వేరు. స్కూళ్ళకి అటల్ టింకరింగ్ ల్యాబులు ఇచ్చారు, ఆరు నుంచి పన్నెండు తరగతులకి, 2016లో మొదలైన చాలా మంచి పథకం. పదో తరగతి అయ్యాక అదే పిల్లాడు ఐటీఐలో చేరితే, సొంతంగా ఏదన్నా చేసి చూడటానికి అలాంటి మూల ఒకటి ఉండాలి కదా. మంగళగిరిలో 2025 ఆగస్టులో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలైంది, అక్కడి నుంచి ఆటోనగర్ ఎంత దూరం చెప్పండి. ఆ తలుపు దాకా వెళ్ళే దారి ఐటీఐ వర్క్‌షాపుల్లోంచి కూడా వేయాలి.

డీజిల్_మేస్త్రి రాసింది:

తమ్ముడూ, నీ పోస్టు మా అబ్బాయి చదివి వినిపించాడు, నేను చెప్తుంటే వాడే టైపు చేస్తున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆటోనగర్లోనే లారీ ఇంజన్లు చూస్తున్నా.

మాకు పని నేర్పింది గురువు, పుస్తకం కాదు. ఇంజన్ సౌండ్ వింటే ఏ సిలిండర్ కొట్టడం లేదో చెప్పేసేవాళ్ళం. 2020 ఏప్రిల్ ఒకటి నుంచి పొగ బాగా తగ్గించాలన్న కొత్త రూలుతో బీఎస్ 6 బండ్లు వచ్చాయి, అంతే, చెవికి పని తగ్గిపోయింది. పొగ శుభ్రం చేయడానికి సైలెన్సర్ దారిలో ఫిల్టరు, యూరియా నీళ్ళు కొట్టే సిస్టం, అన్నిటికీ సెన్సార్లు. ఎక్కడన్నా ఒక సెన్సార్ తప్పు చెప్తే బండి పవర్ తగ్గించేసుకుంటది, ఇంజన్ మాత్రం బాగానే ఉంటది. మొదటి ఏడాది మా లైన్లో రెండు షెడ్లు మూసేశారు, పని రాక కాదు, వచ్చిన బండి ఏంటో అర్థం కాక. పాత మేస్త్రీలు కూర్చుని ఏడ్చిన రోజులు ఉన్నాయి, ఇది నిజం.

అప్పుడు నా దగ్గరికి డిప్లొమా చదివిన కుర్రోడు ఒకడు వచ్చాడు. స్కానర్ పెట్టి కోడు చదవడం వాడు నాకు నేర్పాడు, కోడు ఒకటి చెప్పినా తప్పు ఇంకోచోట ఉండొచ్చని నేను వాడికి నేర్పా. ఒకసారి స్కానర్ ఫిల్టరు మార్చమంటోంది, ఫిల్టరంటే పెద్ద ఖర్చు, నేను పైపు తడిమి చూస్తే జాయింట్ దగ్గర సన్నగా లీకు ఉంది, బిగిస్తే కోడు పోయింది. ఇద్దరం లేకపోతే ఆ ఓనరు డబ్బులు పోయేవే. నువ్వు అడిగిన పాలసీ గొడవ నాకు తెలీదు గానీ, పెద్ద కంపెనీ కొత్తది కనిపెట్టి రోడ్డు మీద వదిలేస్తే దాన్ని నడిపించేది మేము. అది నడవకపోతే కనిపెట్టి ఏం లాభం?

లెక్చరర్ గారితో ఒక్కచోట ఒప్పుకోను. ఐటీఐ నుంచి వచ్చేవాళ్ళందరూ నీ టర్నర్ లాగా ఉండరు. చార్టు మీద ఇంజన్ చూసి వచ్చినవాళ్ళని చూశా, మైక్రోమీటర్ పట్టుకోవడం రానివాళ్ళని చూశా. వాళ్ళు నేర్చుకున్న ఇంజను కంటే మా దగ్గరికి వచ్చే బండి రెండు తరాలు ముందుంటది. ఇప్పుడు 2025 అక్టోబర్ నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకి ఏసీ తప్పనిసరి చేశారు, డ్రైవర్లకి చాలా మంచిది, మరి బాడీ కట్టే మేస్త్రీకి ఏసీ పని ఎవరు నేర్పుతారు? రూలు రాసిన రోజే శిక్షణ కూడా రాయాలి కదా.

తెనాలి_ఇన్‌స్ట్రక్టర్ రాసింది:

మేస్త్రి గారూ, మీ మాటకి బాధేసింది గానీ కాదనలేను అండి. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ ఇన్‌స్ట్రక్టర్‌ని. చివరిసారి ఒక ఫ్యాక్టరీ లోపల నెల రోజులు ఉండి పని చూసింది ఎప్పుడని నన్ను అడిగితే, ఉద్యోగంలో చేరకముందు. పిల్లలకి సోలార్, ఇన్వర్టర్, మోటార్ డ్రైవులు చెప్పాలి, నేనే వాటి మీద చెయ్యి పెట్టకుండా ఎలా చెప్తాను? యూట్యూబ్ చూసి ముందు రాత్రి నేర్చుకుని చెప్పిన రోజులు ఉన్నాయి. ఇన్‌స్ట్రక్టర్లని ఏడాదికి నెల రోజులు జీతం ఇచ్చి ఇండస్ట్రీకి పంపితే చాలు, నేను అడిగేది ఇదొక్కటే. 2016 నుంచి డ్యూయల్ సిస్టం అని ఉంది, కొంత భాగం ఐటీఐలో, కొంత భాగం కంపెనీలో, కానీ అది పిల్లలకి, మాకు కాదు. 2025లో మొదలైన పీఎం సేతు పథకంలో వెయ్యి ప్రభుత్వ ఐటీఐలు, అందులో 200 హబ్బులు, వాటి చుట్టూ 800, మొత్తం 60 వేల కోట్లు. ఆ డబ్బు కొత్త మిషన్లకే కాకుండా నేర్పేవాళ్ళకి కూడా చేరాలని కోరుకుంటున్నా.

ఇంకోటి, సాయంత్రం అయ్యాక వర్క్‌షాపు తాళం పడుతుంది. లేత్‌లు, మిల్లింగ్ మిషన్ అన్నీ పొద్దున దాకా ఊరికే ఉంటాయి. ఫ్యాబ్ అన్నయ్య లాంటివాళ్ళు ఒక డ్రమ్ము మోడల్ ట్రై చేసుకోవడానికి సాయంత్రాలు అక్కడికి వచ్చి, మా పిల్లలతో కలిసి చేస్తే, పిల్లలు నేర్చుకునేది ఏ సిలబస్‌లోనూ దొరకదు.

కానీ అన్నయ్యా, నేను అసలు రాయాలనుకున్నది ఇది కాదు. మీ కుర్రాడి అమ్మగారి గురించి. ఆ తడి సంగతి ఆవిడది కదా, మీ మిషన్ బాగా ఆడితే ముందు పని పోయేది ఆవిడకే కదా. మా వీధిలో కూడా ఆడవాళ్ళు తొడిమల పనికి వెళ్తారు, కిలోకి ఇంత అని ఇస్తారు, సాయంత్రానికి వేళ్ళు మండిపోయి అన్నం కలుపుకోలేరు. ఆ కష్టం పోవాలి, నేను మిషన్ వద్దనడం లేదు. వాళ్ళకి ఏ కాగితం లేదు, పదో తరగతి కూడా లేదు, చేతి వృత్తులవాళ్ళకి కేంద్రం పెట్టిన విశ్వకర్మ పథకం చూస్తే 18 వృత్తులు ఉన్నాయి, మన కొండపల్లి బొమ్మల వాళ్ళకి చోటుంది, వీళ్ళకి లేదు. ముందే వచ్చిన పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కేంద్రం వాళ్ళ నైపుణ్య శిక్షణ పథకం కౌశల్ వికాస్ యోజనలో ఉంది, అలాంటిది వీళ్ళ దగ్గరికి తెచ్చి, మిషన్ నడపడం, కాయ గ్రేడు చూడటం నేర్పితే ఆ మిషన్ దగ్గర కూర్చునేది వాళ్ళే అవుతారు. తాలు కాయ, మంచి కాయ వాళ్ళకి తెలిసినట్టు ఎవరికి తెలుసు?

ఆటోనగర్_ఫ్యాబ్ రాసింది:

అక్కా, మీరు అడిగినదానికి రెండు రోజులు జవాబు రాయలేకపోయా. మిషన్ గురించే ఆలోచించా, గింజ గురించి ఆలోచించా, ఆవిడ పని గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. కుర్రోడిని అడిగితే వాడన్నాడు, "అమ్మకి తెలుసన్నా, అయినా చెప్పింది, నువ్వు చేసే మిషన్ పాడవకూడదని." ఇది చదివి మీకేమనిపిస్తదో తెలీదు, నాకు మాత్రం గొంతు పట్టేసింది.

మేస్త్రి గారూ, ఏసీ మాట నిజం, మా లైన్లో అందరూ అదే అనుకుంటున్నారు. అప్రెంటిస్‌లని తీసుకుందామంటే మాది చిన్న షెడ్డు, రూల్స్ ఒప్పుకుంటాయా? ఇంకా ఆ చాంఫర్, స్ప్రే వాటికి కుర్రోడి పేరు మీద పేటెంట్ తీసుకోవచ్చా?

చిన్న_పరిశ్రమ_గుంటూరు రాసింది:

అప్రెంటిస్ విషయం నేను చెప్తా బ్రదర్, మేం తీసుకుంటున్నాం. 30 మంది, ఆపైన ఉంటే తప్పనిసరి, 4 నుంచి 29 దాకా ఉంటే మన ఇష్టం. మీరు తొమ్మిది మంది కాబట్టి హాయిగా తీసుకోవచ్చు. 2016లో వచ్చిన అప్రెంటిస్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండులో పాతిక శాతం, నెలకి 1500 మించకుండా కేంద్రం భరిస్తది. ఆన్‌లైన్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్, కాంట్రాక్ట్ పేపర్ మొదటిసారి విసుగొస్తది, తర్వాత అలవాటైపోద్ది. నేర్చుకుని వెళ్ళిపోతారేమో అని నాకూ భయం ఉండేది, వెళ్ళినోళ్ళలో ఒకడు ఇప్పుడు నాకే జాబ్ వర్క్ ఇస్తున్నాడు.

గుంటూరు_మెకానికల్_లెక్చరర్ రాసింది:

పేటెంట్ సంగతి కాస్త జాగ్రత్తగా వినండి. ఇన్వెంటర్‌కి డిగ్రీ ఉండాలని చట్టంలో ఎక్కడా లేదు, దరఖాస్తులో మీ అబ్బాయి పేరు ఇన్వెంటర్‌గా రాయొచ్చు, మామూలు మనుషులకి ఆన్‌లైన్ ఫైలింగ్ ఫీజు 1600 రూపాయలే, ఏజెంటు ఖర్చు వేరు. ఇబ్బంది ఏంటంటే మీరు ఆ మిషన్ ఇప్పటికే అమ్మేశారు, నలుగురూ చూశారు, కొత్తది అనే గుణం అక్కడే పోయినట్టు. పైగా అంచుకి చాంఫర్ కొట్టడం ఆ పని తెలిసినవాళ్ళకి తట్టే విషయమే అని తోసేసే అవకాశం ఎక్కువ. ఇలాంటి చిన్న మెరుగుల కోసమే జర్మనీలో 1891 నుంచి వేరే రక్షణ ఉంది, పేటెంట్ కంటే సులువుగా వస్తుంది, గరిష్ఠంగా పదేళ్ళు ఉంటుంది. చైనాలోనూ ఉంది. మన దగ్గర అలాంటి చట్టమే లేదు. షెడ్లలో పుట్టే ఆలోచనలకి పాలసీలో చోటు లేదంటే, నాకు ముందు గుర్తొచ్చే ఖాళీ అదే. అందుకని ఈసారి కొత్తదేదన్నా తడితే, అమ్మకముందే, ఫోటో గ్రూపుల్లో పెట్టకముందే ప్రొవిజనల్ దరఖాస్తు వేసేయండి, పూర్తి వివరం ఇవ్వడానికి పన్నెండు నెలలు టైం ఉంటుంది.

ఆ అబ్బాయికి చదవాలని ఉంటే చెప్పండి, ఐటీఐ వాళ్ళు బ్రిడ్జ్ కోర్సు చేసి పరీక్ష రాస్తే పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, అక్కడి నుంచి ఈసెట్ అనే ఎంట్రన్స్ రాసి బీటెక్ రెండో ఏడాదికి. మా పిల్లలకి ఆరు నెలల ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఉంటుంది, ఇద్దరిని మీ షెడ్డుకి పంపడానికి మా హెచ్‌ఓడీతో మాట్లాడతా.

ఆటోనగర్_ఫ్యాబ్ రాసింది:

పంపండి సార్, తప్పకుండా. రాత్రి కుర్రోడితో కూర్చుని ఈ చర్చ మొత్తం చదివాం, బ్రిడ్జ్ కోర్సు మాట దగ్గర రెండుసార్లు ఆగాడు. అక్కా, వచ్చే ఆదివారం వాళ్ళమ్మని, ఆవిడతో పనికెళ్ళే ఇంకో ఇద్దరిని రోజు కూలి ఇచ్చి షెడ్డుకి రమ్మన్నాం, మిషన్ వాళ్ళే నడిపి చూస్తారు, పోసే ఎత్తు వాళ్ళకి అందుతుందా, ఘాటు మొహానికి కొడుతుందా, తడి ఎంత చాలు అన్నీ వాళ్ళనే చెప్పమన్నాం. మీకు వీలైతే రండి. ఫోటోలు మాత్రం పెట్టను, లెక్చరర్ గారు చెప్పారుగా.